ప్రేగుల కల్లోలము: మందుల మేలు, కీడు

దేహమునకు కలుగు బాధలలో కొన్ని నలుగురిలో చెప్పుకొనదగినవి, కొన్ని చెప్పుకొనరానివి. తలనొప్పి వచ్చినదని కచేరిలో చెప్పి సెలవు తీసికొనవచ్చును. మోకాళ్ల నొప్పులను గూర్చి వీధి అరుగుమీద కూర్చుండి గంటలకొలది ముచ్చటింపవచ్చును. కాని, "తెల్లవారినది మొదలు అయిదుమార్లు దొడ్డికి పోయి వచ్చితిని, బస్సులో గంటసేపు కూర్చుండుటకు ధైర్యము చాలకున్నది" అని చెప్పుకొనుటకు ఎవరికిని నోరు రాదు. పెండ్లికి పిలిచిన బంధువులు రాలేదేమని నిష్ఠురమాడుదురు. పోలేనివారు ఏదో సాకు చెప్పి ఊరకుందురు. పాఠము చెప్పు ఉపాధ్యాయిని, టిక్కెట్లు కొట్టు కండక్టరు, పరీక్ష వ్రాయు విద్యార్థి, ఇట్టివారిలో ఎందరో ఈ బాధను మౌనముగా భరించుచున్నారు. మౌనముగా భరించు బాధకు మందు కూడ మౌనముగానే, ఎవరినీ అడుగకయే, అంగడిలో కొనుట పరిపాటి. అందుచేతనే ఈ మందులను గూర్చి నాలుగు మాటలు విప్పి చెప్పుకొనుట అవసరము.

ఈ వ్యాధిని వైద్యులు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అని, పొడి అక్షరములలో ఐ.బి.ఎస్. అని వ్యవహరింతురు. ప్రేగులో పుండు లేదు, వాపు లేదు, గడ్డ లేదు. కంటికి కనబడు లోపమేదియు లేదు. అయినను ప్రేగు తన పని తాను సవ్యముగా చేయదు. కొందరికి మలబద్ధకము, కొందరికి విరేచనములు, మరికొందరికి ఒకదాని వెంట ఒకటి. రోమ్ నిర్ణయములని ప్రసిద్ధి చెందిన వైద్యసూత్రములు 2016లో నాలుగవమారు సవరింపబడినవి. వాని ప్రకారము గడచిన 3 నెలలలో వారమునకు కనీసము ఒక దినమైనను కడుపునొప్పి రావలెను. ఆ నొప్పికి విరేచనముతోనో, విరేచనముల సంఖ్యలో మార్పుతోనో, మలము యొక్క రూపములో మార్పుతోనో సంబంధముండవలెను. ఈ మూడింట రెండైనను కనబడవలెను. బాధ మొదలై 6 నెలలైనను గడచియుండవలెను. అనగా నిన్న తిన్న మిరపకాయ బజ్జీలవలన నేడు కలిగిన విరేచనములు ఐ.బి.ఎస్. కావు.

ఇచ్చట ఒక హెచ్చరిక ముందుగానే చెప్పవలసియున్నది. మలములో రక్తము పడుట, కారణము లేకుండ బరువు తగ్గుట, జ్వరము, రక్తహీనత, నిద్రనుండి లేపి పరుగెత్తించు విరేచనములు, నడివయస్సు దాటిన పిదప క్రొత్తగా మొదలైన మార్పు, కుటుంబములో ప్రేగు కాన్సర్ చరిత్ర, వీనిలో ఏ ఒక్కటి ఉన్నను దానిని ఐ.బి.ఎస్. అని తలంచి మందు మ్రింగుచు కాలక్షేపము చేయరాదు. వైద్యుడు పరీక్షించి, గోధుమ పడని సీలియాక్ వ్యాధి, థైరాయిడ్ ఉద్రేకము, ప్రేగు వాపు మొదలగువానిని తోసిపుచ్చిన పిమ్మటనే ఈ పేరు పెట్టవలెను.

మన ప్రాంతములలో ఈ వ్యాధికి చిరకాలముగా అంటిపెట్టబడిన మరియొక పేరు కలదు. కడుపులో బాధ, విరేచనములు, జిగట, ఇవి కనబడినంతనే "అమీబా" అనుట మనకు అలవాటు. అమీబా అను క్రిమి ఉన్నమాట నిజమే. అది కలిగించు రక్తవిరేచనములకు తగిన మందు వాడవలసినదే. కాని సంవత్సరముల తరబడి వచ్చిపోవు కడుపుబాధ అంతయు అమీబాయే అనుకొని, నెలకొకమారు అయిదు దినములు మెట్రోనిడజోల్ మ్రింగువారు లేకపోలేదు. నోరు చేదెక్కుటయు, వాంతి వికారములును తప్ప వారికి దక్కిన ఫలము స్వల్పము.

ఇట్టి అలవాటు ఎంత దూరము కొనిపోగలదో జపాను దేశము చూపినది. క్లియోక్వినాల్ అను మందు ఒకప్పుడు అనేక దేశములలో విరేచనములకు ఇంటింటి మందు. మనవారికి ఎంటరోక్వినాల్, ఎంటరోవయోఫారం అను పేర్లతో అది సుపరిచితము. జపానులో 1950 తరువాత కొందరికి కాళ్లు తిమ్మిరెక్కి, నడక పోయి, చూపు సన్నగిల్లు వింత వ్యాధి ప్రబలినది. అది అంటురోగమని చాలకాలము భయపడిరి. ఆ రోగులలో కొందరి నాలుక పచ్చబారుట వైద్యులు గమనించిరి. ఒకరి పచ్చని మూత్రమును పరీక్షింపగా క్లియోక్వినాల్ బయటపడినది. 1970లో సుబాకి అను నాడీవైద్యుడు వ్యాధికి ఆ మందే మూలమని చాటగా, ఆ సెప్టెంబరులోనే ప్రభుత్వము దాని అమ్మకమును నిలిపివేసినది. క్రొత్త రోగుల రాక త్వరలోనే ఆగిపోయినది. అప్పటికే సుమారు 10,000 మంది దాని వాత పడిరి. కడుపునొప్పికి పుచ్చుకొన్న మందు కండ్లను, కాళ్లను హరించునని ఎవరు శంకింతురు? పెద్ద మోతాదులో చాలకాలము వాడుటయే ఆ అనర్థమునకు ముఖ్యకారణము.

ఇక మందులు ఎట్లు పనిచేయునో తెలియవలెనన్న ప్రేగు పని తెలియవలెను. మనము త్రాగిన నీరు, లాలాజలము, జీర్ణరసములు అన్నియు కలసి దినమునకు 8, 9 లీటర్ల ద్రవము చిన్నప్రేగులోనికి చేరును. అందులో అధికభాగము అచ్చటనే రక్తములోనికి తిరిగిపోవును. ఒకటి ఒకటిన్నర లీటర్లు పెద్దప్రేగునకు వచ్చును. పెద్దప్రేగు దానిని కూడ పీల్చివేసి, చివరకు 100 లేక 200 మిల్లీలీటర్ల నీటిని మాత్రము మలముతో విడుచును. ఈ పీల్చుటకు వ్యవధి కావలెను. చేలో పారు నీరు మడిలో నిలిచిననే కదా నేలలోనికి ఇంకును! ప్రేగు తొందరపడి కదలినచో నీరు ఇంకదు. మలము పలుచనై వేగముగా వెలికి వచ్చును.

ప్రేగు కదలికను నడపు పదార్థములలో ముఖ్యమైనది సెరటోనిన్. ఇటలీ దేశపు ఎర్స్‌పామర్ అను శాస్త్రజ్ఞుడు 1930 దశకములో ప్రేగు పొరనుండి ఒక పదార్థమును వేరుపరచి ఎంటెరమిన్ అని పేరిడెను. 1948లో అమెరికాలో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనువారు రక్తమునుండి ఒక పదార్థమును తీసి సెరటోనిన్ అనిరి. 1952లో ఈ రెండును ఒకటియే అని తేలినది. నేడు సెరటోనిన్ అనగానే మనస్సు, మెదడు అని తలంతురు. కాని శరీరమందలి సెరటోనిన్‌లో నూటికి 90 పాళ్లకు పైగా ఉండునది కడుపులోనే. ఆహారము ప్రేగు గోడను త్రోసినప్పుడు అచ్చటి కణములు సెరటోనిన్‌ను విడుచును. అది నరముల చివరనున్న గ్రాహకములను తట్టి, "కదలుము" అని ప్రేగునకును, "నొప్పి" అని మెదడునకును వార్త పంపును. ఐ.బి.ఎస్. రోగులలో కొందరికి ఈ వార్తాహరుల ఉత్సాహము మితిమీరి ఉండును. భయము, ఆందోళన కలిగినప్పుడు పరీక్ష హాలు ముంగిటనే కడుపు కదలుటకు కారణము ఈ మెదడు, ప్రేగుల నడుమ గల నరముల బాంధవ్యమే. రోగి నటించుచున్నాడని కాని, అంతయు వట్టి భ్రమ అని కాని దీనికి అర్థము కాదు.

మందులలో మొదట పేర్కొనదగినది లోపెరమైడ్. నల్లమందు విరేచనములను కట్టునని పూర్వులు ఎరుగుదురు. దానివలని మత్తును, వ్యసనమును ఎరుగుదురు. ప్రేగుపై పనిచేయుచు, మెదడును చేరని నల్లమందు వంటి పదార్థము దొరకిన ఎంత బాగు! 1969లో బెల్జియం దేశమందలి జాన్సెన్ ప్రయోగశాలలో తయారైన లోపెరమైడ్ అట్టిది. అది ప్రేగు కదలికను నెమ్మదింపజేసి, నీరు ఇంకుటకు వ్యవధి కల్పించును. ప్రయాణమునకు ముందు, సభకు ముందు ఒక మాత్ర వేసికొని నిశ్చింతగా ఉండు రోగులు పెక్కుమంది. కాని కడుపునొప్పికి దీనివలన పెద్ద ఉపశమనము లేదు. రక్తము, జ్వరము గల విరేచనములలో దీనిని వాడరాదు. అట్టిచో లోపల ఉండదగని విషమును బంధించినట్లగును. పసిపిల్లలకు ఈయరాదు. "ఒకటి పనిచేసిన పది ఇంకను బాగుగా పనిచేయవా?" అని మోతాదు మించినచో గుండె లయ తప్పి ప్రాణాపాయము కలుగునని అమెరికా దేశపు ఔషధ నియంత్రణ సంస్థ 2016లో గట్టిగా హెచ్చరించినది.

లోపెరమైడ్ చాలని తీవ్రరోగులను గూర్చినది తరువాతి కథ. అలోసెట్రాన్ అను మందు సెరటోనిన్ తట్టు గ్రాహకములలో మూడవ తరగతివానిని మూసివేయును. తలుపు మూసినచో తట్టినను పలుకు లేదు. ప్రేగు కదలిక తగ్గును, నొప్పి వార్తయు తగ్గును. విరేచనములు ప్రధానముగా గల స్త్రీరోగులకు దీనిని వాడుటకు అమెరికాలో 2000 ఫిబ్రవరిలో అనుమతి లభించినది. పురుషులలో దీని ప్రయోజనము తగినంతగా నిరూపితము కానందున వారికి అనుమతి ఈయలేదు. ఏండ్ల తరబడి ఇల్లు కదలనివారు మరల ఉద్యోగములకు పోసాగిరి.

కొలది నెలలలోనే కీడు తలయెత్తినది. కొందరికి పెద్దప్రేగునకు రక్తప్రసారము తగ్గి, ప్రేగు పొర దెబ్బతిని, రక్తము పడసాగినది. మరికొందరికి మలబద్ధకము మిక్కుటమై ప్రేగు మూసికొనిపోయినది. 2000 నవంబరు నాటికి నియంత్రణ సంస్థ పరిశీలించిన తీవ్రమైన ఉదంతములు 70. అందు 49 రక్తప్రసారలోపమునకు, 21 తీవ్ర మలబద్ధకమునకు సంబంధించినవి. వారిలో ముగ్గురు మరణించిరి. ఆ నెల 28వ తేదీన తయారీదారు మందును విపణినుండి ఉపసంహరించెను.

కథ ఇంతటితో ముగిసినచో ఇదియు క్లియోక్వినాల్ కథవంటిదే అగును. కాని ఇచ్చట వింత జరిగినది. మందు మరల కావలెనని రోగులే నియంత్రణ సంస్థకు ఉత్తరములు వ్రాసిరి. అపాయమును తెలియక కాదు, తెలిసియే అడిగిరి. మరణభయము ఒక వంక, గదినుండి కదలలేని జీవితము ఒక వంక. ఈ రెంటిని తూచి చూచుకొను హక్కు తమకు కలదని వారి వాదము. ప్రాణము తీయని వ్యాధికి ప్రాణము తీయగల మందు ఏల అని ఎదుటిపక్షము వాదించెను. రెండు పక్షములందును న్యాయము కలదు. రోగి బాధ ఎట్టిదో రోగికే తెలియును. అపాయము ఎంతటిదో లెక్కలు గలవారికే తెలియును. ఒకరి తెలివి ఇంకొకరికి అందినగాని తీర్పు సరిగా ఉండదు.

2002 జూన్‌లో కుదిరిన ఏర్పాటు ఈ రెండు తెలివులను కలపజూచినది. మందు మరల వచ్చినది, కాని కట్టుదిట్టములతో వచ్చినది. 6 నెలలకు మించి బాధపడుచు, ఇతర చికిత్సలు ఫలింపని, తీవ్రవ్యాధి గల స్త్రీలకు మాత్రమే దీనిని వ్రాయవలెను. తీవ్రమనగా తరచు దుర్భరమైన నొప్పి, ఆపుకొనలేని వేగము, లేక దైనిక జీవితమే కుంటుపడుట. ఐ.బి.ఎస్. రోగులలో ఇట్టివారు నూటికి 5 గురికంటె తక్కువయని మందుతోడి పత్రమే చెప్పుచున్నది. మోతాదును తగ్గించి, దినమునకు ఒక మిల్లీగ్రాముతో మొదలిడవలెనని నిర్ణయించిరి. 4 వారములైన పిదప అవసరమగుచో దినమునకు రెండు మిల్లీగ్రాములకు పెంచవచ్చును. ఆ మోతాదుతో మరి 4 వారములకును గుణము లేనిచో మానివేయవలెను. మలబద్ధకము కాని, మలములో రక్తము కాని కనబడిన వెంటనే మందు నిలిపి వైద్యుని కలియవలెను. అప్పటి ఏర్పాటులో రోగియు, వైద్యుడును ఈ సంగతులన్నియు చదివి ఒడంబడిక పత్రముపై సంతకములు చేయవలసి వచ్చెడిది. పరీక్షలలో 6 నెలలు వాడిన స్త్రీలలో వేయింటికి సుమారు ముగ్గురికి ప్రేగు రక్తప్రసారలోపము కలిగినట్లు తేలినది. వేయిలో ముగ్గురు అనునది చిన్న సంఖ్యయా, పెద్ద సంఖ్యయా? లోపెరమైడ్‌తో సరిపెట్టుకొనగలవారికి అది పెద్దది. మరి ఏ దారియు లేనివారికి చిన్నది కావచ్చును. తేడా సంఖ్యలో లేదు, రోగి స్థితిలో కలదు.

తరువాతి కాలమున మరికొన్ని మందులు వచ్చినవి. 2015 మే నెలలో అమెరికాలో రెండింటికి ఒకే దినమున అనుమతి వచ్చినది. మొదటిది రిఫాక్సిమిన్, ఇది ప్రేగులోనే ఉండి, రక్తములోనికి అంతగా పోని సూక్ష్మజీవి నాశకము. 550 మిల్లీగ్రాముల మాత్రలు దినమునకు మూడు చొప్పున 14 దినములు వాడుదురు. రెండవది ఎలుక్సడోలిన్, ఇది నల్లమందు గ్రాహకములపై పనిచేయును. పిత్తాశయము తీసివేయబడినవారికి దీనివలన క్లోమము వాచునని 2017లో హెచ్చరిక వెలువడినది. కనుక పూర్వము జరిగిన శస్త్రచికిత్సలను వైద్యునకు తప్పక చెప్పవలెను.

రిఫాక్సిమిన్‌పై 2011లో ప్రకటింపబడిన పరిశోధన మనకొక ముఖ్యమైన పాఠము నేర్పును. మందు పుచ్చుకొన్నవారిలో నూటికి సుమారు 41 మందికి ఉపశమనము కలిగినది. వట్టి పిండిమాత్రలు పుచ్చుకొన్నవారిలో, అది మందో కాదో వారికి తెలియదు, నూటికి సుమారు 32 గురికి ఉపశమనము కలిగినది! అనగా మందు మూలమున అదనముగా మేలు పొందినవారు నూటికి 9 మంది. ఐ.బి.ఎస్. తనంత తాను హెచ్చుచు తగ్గుచుండు వ్యాధి. నమ్మకముతో, వైద్యుని ఆదరణతో కూడ తగ్గును. కావున "మా ఊరిలో ఫలానా పొడి తిని నయమైనది" అను మాట అబద్ధము కాకపోవచ్చును, కాని రుజువు మాత్రము కాదు.

చవకయైన పాతమందులు కూడ క్రొత్తగా పరీక్షింపబడుచున్నవి. మనోవ్యాకులతకు వాడు అమిట్రిప్టిలిన్‌ను అతిస్వల్ప మోతాదులో, 10 నుండి 30 మిల్లీగ్రాముల వరకు, ఇంగ్లండులో 463 మంది ఐ.బి.ఎస్. రోగులపై పరీక్షింపగా గుణము కనబడినదని 2023లో ప్రకటించిరి. వైద్యుడు ఈ మాత్ర వ్రాసినచో "నన్ను పిచ్చివానిగా ఎంచినాడు" అని కినుక వహింపనక్కరలేదు. అది ప్రేగు నరములను శాంతింపజేయుటకే. నోరెండుట, మగత కలుగవచ్చును గనుక రాత్రివేళ వాడుదురు. వాంతులకు వాడు ఆండాన్‌సెట్రాన్ అలోసెట్రాన్ తరగతికి చెందినదే. అదియు మలమును గట్టిపరచి, తొందరను తగ్గించునని 2014లో 120 మందిపై జరిగిన పరీక్షలో తేలినది. గుండె లయలో దోషము గలవారు వైద్యుని అడుగకుండ దీనిని ముట్టరాదు. నొప్పికి మెబెవెరిన్, డైసైక్లోమిన్, పుదీనా జాతి తైలపు గొట్టములు వాడుకలో నున్నవి.

మందుతోపాటు వంటయింటిని కూడ పరికింపవలెను. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయమువారు పెంపొందించిన పథ్యపద్ధతి ఒకటి కలదు. ప్రేగులో సులభముగా ఇంకక, పులిసి వాయువును, నీటిని పెంచు పిండిపదార్థములను కొన్ని వారములు మాని, తరువాత ఒక్కొక్కదానిని తిరిగి చేర్చి చూచుట దాని సారము. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుదినుసులు, పాలు ఈ పట్టికలోనివి. మన పులుసులు, పప్పులు, కూరలు వీనితోనే కదా! కావున అన్నియు ఒకేమారు మాని నీరసించుట కంటె, మొదట పాలను, తరువాత పచ్చి ఉల్లిని, ఒకదాని వెంట ఒకటిగా తగ్గించి చూచుట సులభము. పాలు పడనివారు మనలో చాలమంది ఉన్నారు; వారిలో కొందరికి మజ్జిగ పడును. కాఫీ ప్రేగును త్వరితపరచును. గోధుమ తవుడు కొందరికి బాధ పెంచును. ఇసబ్గోల్ పొట్టు మాత్రము నీటిని పీల్చుకొని, పలుచని మలమునకు ఒక రూపము కల్పించును.

చివరగా ఒక్క మనవి. వైద్యునివద్దకు పోవునప్పుడు "కడుపు బాగులేదు" అని ఊరకుండక, రెండు వారములపాటు ఒక కాగితముపై వ్రాసికొని పోవుడు: దినమునకు ఎన్ని విరేచనములు, ఎంత పలుచన, నొప్పి ఎప్పుడు, ఏమి తిన్న పిదప, రాత్రి లేవవలసి వచ్చినదా, ఇదివరలో ఏయే మందులు వాడితిరి, మానలేక మానిన పనులు ఏవి. మలము రూపమును మేకపెంటికల గట్టిదనము మొదలు నీళ్లవంటి పలుచదనము వరకు ఏడు తరగతులుగా చూపు బ్రిస్టల్ పటము 1997లో ప్రకటింపబడినది. వైద్యుని గదిలో ఆ బొమ్మపై వ్రేలు ఉంచి చూపిన చాలును, నోట చెప్పనక్కర కూడ లేదు. ఇంటిలోనివారు కూడ, పదేపదే లేచిపోవు మనిషిని చూచి నవ్వక, ప్రయాణములలో ఒక నిమిషము ఆగుటకు విసుగుకొనక ఉన్నచో అదియు చికిత్సలో ఒక భాగమే. తీవ్రరోగికి నేడు దారులు లేకపోలేదు. ఏ దారిలో ఎంత ముల్లు కలదో తెలిసి నడచుటయే కావలసినది.